అరిగిన పూసలు చెప్పిన కబుర్లు



మన ఇళ్లల్లో నడుము మాట రాని రోజు ఉండదు. పని మొదలెట్టాలంటే నడుం కట్టాలి. అలిసిపోతే కాసేపు నడుం వాల్చాలి. కష్టం మీద కష్టం వచ్చిపడితే నడుం విరిగిందంటాం. ఇన్ని మాటలు పుట్టించుకున్నామే గాని, ఆ నడుము లోపల ఏముందో, అది ఎలా అరుగుతుందో మటుకు డాక్టరుగారు ఫొటో చూసి చెప్పేదాకా తలచుకోం. "పూసలు అరిగాయమ్మా" అంటారాయన. ఆ ఒక్క ముక్క విని ఇంటికొచ్చిన మనిషి ఇక బిందె వంక చూడాలన్నా భయపడుతుంది.

ఆ ముక్క మా ఇంట్లో ఏం చేసిందో ముందు చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

నేను పదో తరగతి పాసైంది 1995లో. ఫస్టు క్లాసు వచ్చింది. కాలేజీ దరఖాస్తు కాగితం కూడా తెచ్చారు నాన్నగారు. ఆ వేసవిలోనే అమ్మకు నడుం పట్టేసింది. తెనాలి దగ్గర పల్లె మాది. పట్నం తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించారు. పూసలు అరిగిపోయాయి, మూడు నెలలు చెక్క బల్ల మీద కదలకుండా పడుకోవాలి, ఆ తరువాత కూడా వంగకూడదు, బరువెత్తకూడదు అని చెప్పి పంపారు. అమ్మకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. అంటే ఇప్పటి నాకంటే చిన్నది. వంట, నీళ్లు, ఇద్దరు తమ్ముళ్లు, పాడిగేదె నా మీద పడ్డాయి. మూడు నెలలు కాస్తా ఆరయ్యాయి. పడుకుని పడుకుని అమ్మ కాళ్లలో సత్తువ పోయింది, గోడ పట్టుకుని నడిచేది. దరఖాస్తు కాగితం దేవుడి గూట్లో ఉండిపోయింది. మరుసటి ఏడు దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఎవరినో తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో చాలామంది చెప్పిన వైద్యమే అది. కాని "అరిగింది" అన్న మాటకు ఒక మనిషిని ఆరు నెలలు మంచాన పడేసేంత బలం ఎక్కడినుంచి వచ్చిందా అన్న సందేహం నన్ను వదల్లేదు. నేను డాక్టరును కాను. తెలిసినవాళ్లను అడిగి, దొరికినవి చదివి పోగుచేసుకున్న సంగతులివి.

పూస అని ఎవరు పేరు పెట్టారో గాని చక్కగా పెట్టారు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉంటాయి. ఆ దిగువవి ఒకదానికొకటి అతుక్కుపోయినవి. విడి పూసల నడుమ మనవాళ్లు గుజ్జు అనే మెత్తని బిళ్లలుంటాయి. అదే డిస్కు. బిళ్ల చుట్టూ నారలాంటి పొరలు, మధ్యలో జిగురు పదార్థం. చిన్నపిల్లల్లో ఆ జిగురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. పగలంతా మనం నిలబడి తిరుగుతుంటే బరువుకి కొంత నీరు పిండుకుపోతుంది, రాత్రి పడుకున్నప్పుడు మళ్లీ పీల్చుకుంటుంది. పొద్దున లేచినప్పటి మన ఎత్తు సాయంత్రం ఎత్తుకన్నా ఒక సెంటీమీటరు పైచిలుకు ఎక్కువుంటుంది. చిత్రమేమిటంటే, బాల్యం దాటాక ఈ గుజ్జులోపలికి రక్తనాళాలు పోవు. పక్క పూసల్లోంచి ఊరి వచ్చిందే దానికి తిండి. అందుకే అరుగు, తరుగు ఇక్కడ తొందరగా మొదలవుతాయి. గుజ్జు పలచబడుతుంది, పూసల అంచుల్లో ముళ్లలాగా ఎముక పెరుగుతుంది. ఇది ముసలితనంలో వచ్చిపడేది కాదు, ఇరవై ముప్పైలలోనే చాలామందికి మొదలై నెమ్మదిగా సాగేది.

ఈ నొప్పి పూర్వులకు తెలియనిదేమీ కాదు. నడుములో పుట్టి పిరుదు, తొడ, పిక్క మీదుగా పాదం దాకా దిగే నొప్పిని చరకసంహిత గృధ్రసి అంది. గృధ్రమంటే గద్ద. ఆ నొప్పి ఉన్నవాడు గద్ద నడిచినట్టు ఈడ్చుకుంటూ నడుస్తాడు గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. గ్రీకు దేశంలో వెన్ను వంగినవాళ్లను నిచ్చెనకు కట్టి ఎత్తు మీదనుంచి దించి కుదిపే వైద్యం ఒకటి ఉండేదట. అది జనం నోళ్లు తెరుచుకుని చూడడానికి చేసే తమాషా అని హిపోక్రటీసు ఈసడించాడు. ఆయన మెచ్చుకున్నది రోగిని బల్ల మీద పడుకోబెట్టి తాళ్లతో సాగలాగడం. ఆసుపత్రుల్లో ఇప్పుడు వేసే ట్రాక్షన్‌కి అది తాత అనుకోండి. కాలిలోకి దిగే నొప్పి కీలుది కాదు, నరానిదని నేపుల్స్ వైద్యుడు కొటూన్యో 1764లో పుస్తకం రాశాడు.

ఇవన్నీ నొప్పి చరిత్ర. అరుగుదల చరిత్ర వేరు. దాన్ని చూడాలంటే ఎముకలు చూడాలి. అక్కడ నాకు దొరికిన కథ మాత్రం బ్రహ్మాండమైనది.

1908 ఆగస్టు 3న ఫ్రాన్సులో లా షాపెల్ ఓ సాన్ అనే చిన్న ఊరి పక్క గుహలో తవ్వుతున్న అన్నదమ్ములకు ఒక అస్థిపంజరం దొరికింది. ఆ సోదరులు చర్చి గురువులు. అస్థిపంజరం నియాండర్తల్ మనిషిది, సుమారు యాభై అరవై వేల ఏళ్లనాటిది. పళ్లు చాలా భాగం బతికుండగానే ఊడిపోయాయి. ఒళ్లంతా కీళ్ల అరుగుదల. మెడ పూసలు, వీపు పూసలు, తుంటి, ఏదీ మిగల్లేదు. ముసలాయన అని పేరు పెట్టారు గాని, నిజానికి నలభై దాటి ఎంతో కాలం ఉండకపోవచ్చని తరువాతివాళ్ల అంచనా. ఆ కాలానికి అదే వృద్ధాప్యం కాబోలు.

ఎముకలు ప్యారిస్‌లో మార్సెలాన్ బూల్ అనే పెద్ద ఆచార్యుడి చేతికి వచ్చాయి. ఆయన 1911 నుంచి 1913 దాకా లావుపాటి వివరణ అచ్చు వేశాడు. ఈ జాతివాళ్లకు మనకున్నట్టు వెన్నులో వంపులు లేవు, మెడ ముందుకు వాలి ఉండేది, మోకాళ్లు పూర్తిగా చాచలేకపోయేవారు, వంగి ఈడుస్తూ నడిచేవారు అని తేల్చాడు. అప్పటికే ఒక పత్రిక 1909లో ఈయన బొమ్మ వేయించింది. గుహ ముంగిట ఒళ్లంతా బొచ్చుతో మృగంలాంటి ఆకారం. ఇక పాఠ్యపుస్తకాల్లో, మ్యూజియాల్లో, సినిమాల్లో గుహమానవుడంటే వంగిన నడుమే. నేను చదివిన సాంఘిక శాస్త్రం పుస్తకంలో కూడా మనిషి ఎలా నిటారయ్యాడో చూపే వరస బొమ్మలో వంగినవాడొకడు ఉండేవాడు. ఆ వంపు ఎక్కడిదో అప్పుడు తెలియదు.

నలభై ఏళ్లు గడిచాయి. 1955లో ప్యారిస్ వెళ్లిన స్ట్రాస్, కేవ్ అనే ఇద్దరు శరీరశాస్త్రవేత్తలు ఆ ఎముకలు తీయించి చూశారు. ఒకరు అమెరికా ఆయన, ఒకరు ఇంగ్లండు ఆయన. పూసలు అంత దారుణంగా అరిగి ఉంటాయని వాళ్లు ఊహించలేదు. 1957లో వాళ్లు రాసిన సారాంశమేమిటంటే, జబ్బు చేసిన ఒక్క మనిషిని చూసి జాతినంతటినీ వంచేశారు, ఆయనకే స్నానం చేయించి, గడ్డం గీయించి, ఈనాటి బట్టలు తొడిగి న్యూయార్కు రైల్లో ఎక్కిస్తే పక్కవాళ్లు తిరిగి చూడరేమో అని.

ఇక్కడితో అయిపోలేదు. 1985లో ట్రింకాస్ అనే శాస్త్రవేత్త ఇంకో మాట చేర్చాడు. ఆ అరుగుదల మనిషిని అంతలా వంచేసేది కూడా కాదన్నాడు. బూల్ గారు అరుగుదలను చూడకపోలేదు, ఆదిమానవుడంటే వంగే ఉండాలన్న బొమ్మ ఆయన మనసులో ముందే ఉంది, అదే ఎముకల్లో కనిపించింది. 2019లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ విశ్వవిద్యాలయంవాళ్లు, ట్రింకాస్‌తో కలిసి, అవే ఎముకలను మళ్లీ పరీక్షించారు. పక్కపక్క పూసలు ఒకదానికొకటి ఒరుసుకున్న గుర్తులున్నాయి. నడుము దగ్గర వెన్ను మనలాగే బాగా వంపు తిరిగి, మనిషి నిటారుగా నిలబడితేనే ఆ గుర్తులు పడతాయి. చూశారా, ఏ అరుగుదలను చూపి ముసలాయన్ని వంగినవాడన్నారో ఆ అరుగుదలే ఆయన నిటారుగా తిరిగాడని సాక్ష్యం చెప్పింది. నూటపది ఏళ్లు పట్టింది.

రెండో కథ ఆడవాళ్లది. సిరియా దేశంలో యూఫ్రటీసు నది ఒడ్డున అబూ హురేరా అని ఒక పాటిదిబ్బ ఉండేది. ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపితే మునిగిపోతుందని 1972, 73లలో ఆండ్రూ మూర్ బృందం హడావిడిగా తవ్వింది. ఇప్పుడది నీళ్లలోనే ఉంది. మనుషులు తిండిగింజలు పండించడం కొత్తగా నేర్చుకుంటున్న కాలపు ఊరది. అక్కడి ఎముకలు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో థెయా మాలెసన్ అనే ఆవిడ చేతికి వచ్చాయి. ఆవిడ ఏళ్ల తరబడి చూసి 1994లో ఒక వ్యాసం రాసింది. వీపు చివరి పూస దెబ్బతిన్న ఎముకలు, కాలి బొటనవేలి కీలు అరిగిన ఎముకలు, మోకాళ్ల దగ్గర ఒత్తిడి గుర్తులు, ఈ మూడూ కలిసి వస్తున్నాయి. అందులోనూ ముఖ్యంగా ఆడవాళ్లలో. ఏం పని చేస్తే బొటనవేలూ వెన్నుపూసా ఒకేసారి అరుగుతాయి?

మీకు తట్టే ఉంటుంది. పిండి విసరడం. మన సన్నికల్లుకు పెద్దక్కలాంటి రాయి నేల మీద పెట్టి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, కాలివేళ్లు మడిచి నేలకు తన్నిపట్టి, రెండు చేతులా పొత్రం ముందుకు తోయాలి. తోపు చివరికి ఒళ్లు నేలకు సమంగా వాలుతుంది. అక్కడినుంచి వెనక్కి లాక్కోవాలి. రోజూ గంటల తరబడి, ఆడపిల్లగా మొదలుపెట్టి బతికినన్నాళ్లూ. పిండిలో రాతి పొడి పడి అందరి పళ్లూ అరిగాయట, అది వేరే సంగతి. ఎముక మీది గుర్తులనుబట్టి పనిని పోల్చడంలో పొరపాట్లకు తావుందని తరువాతి పండితులు హెచ్చరించకపోలేదు. అయినా మాలెసన్ చెప్పింది నాకు నమ్మబుద్ధేస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లు ఏం మాట్లాడుకున్నారో, ఏ దేవుణ్ణి కొలిచారో రాసిపెట్టినవాళ్లు లేరు. వాళ్లు చేసిన పని మాత్రం పూసలమీద రాసి ఉంది. మా ఇంట్లో రోలు, రోకలి, తిరగలి, రుబ్బురోలు అన్నీ ఉండేవి. కరెంటు గ్రైండరు వచ్చేదాకా ఇడ్లీపిండి అమ్మ చేతుల మీదుగానే. ఈ కథ చదివి వినిపిస్తే ఆవిడ కాళ్లు ముందుకు చాచి తన బొటనవేళ్లు చూసుకుంది.

అలాగని నడుము నొప్పికి కారణం పనే అని ముడిపెట్టేస్తే మళ్లీ బూల్ గారి దారే పట్టినట్టు. అది కూడా చూద్దాం.

జర్మనీలో డ్రెస్డెన్ ఊళ్లో ష్మోర్ల్ అనే వైద్యుడు, రకరకాల జబ్బులతో చనిపోయినవాళ్ల వెన్నుపూసలు వేలకొద్దీ కోసి పరీక్షించాడు. వయసు మళ్లినవారిలో అరగని వెన్ను అరుదు అని ఆయన పని వల్లే లోకానికి తెలిసింది. అలా ఒక వెన్ను కోస్తుండగా వేలు తెగి, విషం ఎక్కి 1932లో ఆయనే పోయాడు. ఇక బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు, నరాన్ని నొక్కుతున్న ముద్దలను అంతకు ముందు గడ్డలనుకున్నారు గాని అవి పక్కకు జారిన గుజ్జు ముక్కలని 1934లో నిరూపించారు. డిస్కు జారింది అన్న మాట ప్రతి వీధికీ పాకింది అక్కడినుంచే. చాలామందికి ఆపరేషన్లతో మేలు జరిగింది, కాదనను. కాని ఏ నడుము నొప్పికైనా డిస్కునే దోషిగా నిలబెట్టే అలవాటు కూడా అప్పుడే మొదలైంది.

మంచాన పడుకోబెట్టే వైద్యం అంతకంటే పాతది. విశ్రాంతే మందు అని లండన్ వైద్యుడు హిల్టన్ 1863లో పుస్తకం వేశాడు. లివర్‌పూల్‌లో టామస్ అనే ఎముకల వైద్యుడు ఎడతెగని విశ్రాంతిని మంత్రంలా జపించాడు. క్షయ పట్టిన ఎముకకు, విరిగిన ఎముకకు పనికొచ్చిన మాట అది. దాన్ని తెచ్చి మామూలు నడుము నొప్పికి తగిలించారు. వందేళ్లకు పైగా దాన్ని ఎదురడిగినవాళ్లు తక్కువ. 1986లో అమెరికాలో 203 మంది రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును రెండు రోజులు, ఒక జట్టును ఏడు రోజులు పడుకోమన్నారు. ఏడు రోజులవాళ్లకు అదనంగా ఒరిగిందేమీ లేదు. వాళ్లు పనికి పోని రోజులు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ తరువాత ఫిన్లండులో హెల్సింకి నగర ఉద్యోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు మంచం మీద, ఒక జట్టు వ్యాయామాలు, ఒక జట్టు ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు. తొందరగా కోలుకున్నది పనులు చేసుకున్నవాళ్లే. అందరికంటే వెనకబడ్డది మంచమెక్కినవాళ్లు. ఆ ఫలితాలు అచ్చయిన ఏడు 1995.

అవును, అదే ఏడు. హెల్సింకి కబురు తెనాలి పక్క పల్లెకి రావడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలుసుగా.

అదే 1995లో ఫిన్లండునుంచే ఇంకో కబురు. 115 జతల అచ్చు కవలలను తీసుకున్నారు. అందరూ మగవాళ్లే. ఆడవాళ్లను ఎందుకు పిలవలేదో మరి. జతలో ఒకడు బరువులు మోసేవాడు, రెండోవాడు కుర్చీలో కూర్చునేవాడు, అలా తేడా ఉన్నవాళ్లను ఎంచి స్కాన్లు తీశారు. పని వేరైనా జతలో ఇద్దరి పూసలూ చాలావరకు ఒకేలా అరిగాయి. పనివల్ల వచ్చిన తేడా కొద్దిపాటిదే, పుట్టుకతో తెచ్చుకున్నదే ఎక్కువ. అబూ హురేరా ఆడవాళ్లలాగా చిన్ననాటినుంచీ రోజంతా విసిరితే ఎముక మీద గుర్తు పడుతుంది, నిజమే. మనం ఇల్లు తుడిచినందుకు, బట్టలు పిండినందుకు పూసలు అరిగిపోయాయని మాత్రం చెప్పలేం.

అసలు ఫొటోలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ ఉన్న చుట్టరికమే దూరపుదని తేలింది. 1994లో అమెరికాలో నడుము నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీశారు. అన్ని గుజ్జులూ సలక్షణంగా ఉన్నవాళ్లు నూటికి 36 మందే. మిగతావాళ్లకు ఒకటో రెండో ఉబ్బినవి, జారినవి ఉన్నాయి, వాళ్లు మాత్రం హాయిగా తిరుగుతున్నారు. 2015లో అలాంటి పరిశోధనలన్నీ కలిపి మూడు వేల పైచిలుకు మంది లెక్కలు చూశారు. నొప్పి లేనివాళ్లలోనే, ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 37 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 మందికి గుజ్జు అరిగి ఉంది. తల నెరవడం లాంటిదే అని కొందరు డాక్టర్లు ఇప్పుడంటున్నది ఇందుకే.

ఇది విని నొప్పిని నిర్లక్ష్యం చేయకండి. అరుగుదల నరాల దారిని ఇరుకు చేసి, నాలుగడుగులు వేస్తే కాళ్లు మొద్దుబారే స్థితి కొందరికి వస్తుంది, వాళ్లకు వైద్యం కావాలి. కాలు ఈడుస్తున్నా, మూత్రం మీద, విరేచనం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి పట్టినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, అకారణంగా చిక్కిపోవడం నొప్పితో కలిసి వచ్చినా డాక్టరుకు చూపించుకోవాలి. ముట్లుడిగిన తరువాత ఎముకలు గుల్లబారడం వేరే జబ్బు, దాన్ని అరుగుదలతో కలపకండి. ముట్లుడగడానికీ దీనికీ సంబంధముందని బోస్టన్ వైద్యుడు ఆల్బ్రైట్ 1940 ప్రాంతాల్లో గుర్తించాడు. పెద్దావిడ ఎత్తు తగ్గుతున్నా, వీపు గూనివారుతున్నా అరుగుదలే కదా అని ఊరుకోకూడదు.

నా సంగతి అడుగుతారేమో. పోయినేడు నాకూ నడుం పట్టింది. ఫొటో తీస్తే అమ్మకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. కాని పడుకోమనలేదు. రెండు రోజులు మాత్రలు వేసుకుని, కుంటుతూనే వంట చేసుకున్నాను. మూడో వారానికి కూరగాయల సంచీ మోసుకొచ్చాను.

ఈ ప్రసంగం రాసుకుంటూ ముక్కముక్కా అమ్మకు చదివి వినిపించాను. హెల్సింకి దగ్గర ఏమీ అనలేదు. కాసేపాగి, "ఆ ఏడు నువ్వు కాలేజీకి పోవలసిందే" అంది. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. నాకేం చెప్పాలో తోచక మళ్లీ ఆ ముసలాయన కథలోకి వెళ్లాను. పళ్లు లేని మనిషి అంతకాలం ఎలా బతికాడో పండితులు వాదించుకుంటున్నారనీ, పక్కవాళ్లు చూసి ఉంటారని కొందరు, అక్కర్లేకుండానే తినగలడని కొందరు అంటారనీ చెప్పాను.

"అన్ని కీళ్లూ పోయినవాడికి ఎవరో ఒకరు మెత్తగా చేసి పెట్టకపోతే ఎలా తింటాడే?" అంది అమ్మ. "ఎవరావిడ?"

అది ఎవరూ రాయలేదమ్మా అన్నాను.